ఉప్పునీటి అక్వేరియానికి పోతరాయి

సిమెంటు, గుల్లల నూక, రాళ్లుప్పు కలిపి ఇంట్లోనే పోత పోసి, పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో పేర్చుకునే బండను పోతరాయి అనవచ్చు. ఈ పని చేసేవాళ్ల మధ్య బాగా వాడుకలో ఉన్న పేరు అరగోక్రీట్. దీనికి కావలసిన గుల్ల, ఉప్పు ఒడిశాలోని గంజాం జిల్లాలో ఎప్పటినుంచో ఉన్నవే. లేనిది పగడపు బండ ఒక్కటే.

గంజాం తీరం సుమారు 60 కిలోమీటర్లు. దాదాపు అంతా ఇసుకే. పగడపు దిబ్బ పెరగాలంటే నీరు తేటగా ఉండాలి, ఉప్పదనం నిలకడగా ఉండాలి. ఇక్కడ వానాకాలమంతా మహానది, రుషికుల్య వంటి నదులు ఒండ్రుతో పాటు మంచినీళ్లు తెచ్చి కలుపుతాయి. అందుకే మన దేశంలో పగడపు దిబ్బలు మన్నారు, కచ్ సింధుశాఖల్లోనూ, లక్షద్వీప్, అండమాన్ దీవుల దగ్గరా ఉన్నాయి గానీ గంజాం తీరంలోని గోపాల్‌పూర్ దగ్గర లేవు. ఈ తీరంలో తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలారులు తరతరాలుగా వేట చేస్తున్నారు. ఒడియావాళ్లు వీళ్లను నోళియాలంటారు. ఒడ్డు నుంచి లాగే అలివి వలకు ఇసుక నేల మేలు. కింద రాయి తగిలితే వల చిరుగుతుంది. తొట్టిలో సముద్రం పెట్టుకునేవాడికి మాత్రం రాయి లేకపోతే పనే జరగదు.

తొట్టిలో రాయికి ఈ విలువ మొదటినుంచీ లేదు. లండన్ జూలో 1853లో ప్రజల కోసం తెరిచిన అక్వేరియంలోనూ, ఆ తర్వాత వచ్చినవాటిలోనూ రాయి అలంకారమే. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1936లో ఒడిశాలో కలిసింది. రాయి విషయంలో అసలు మలుపు 1961లో వచ్చింది. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రంలోంచి తెచ్చిన బండలను జీవాలతో సహా తొట్టిలో పెట్టి, కాస్త గాలి బుడగలు మాత్రం వదిలి, చేపలనూ పగడాలనూ పెంచవచ్చని ఒక అమెరికన్ పత్రికలో రాశారు. తర్వాత బెర్లిన్ అభిరుచిపరులు ఈ పద్ధతికి నురగతో మలినాలను తీసే యంత్రం జతచేశారు. దానికి బెర్లిన్ పద్ధతి అనే పేరు నిలిచింది.

బండలోని బొరియలే ఇందులో మర్మం. చేపల విసర్జనలోంచి వచ్చే అమోనియాను పైపొరల్లోని బాక్టీరియా నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. ప్రాణవాయువు అందని లోపలి బొరియల్లో మరో జాతి బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువుగా విడగొడుతుంది. అంటే తొట్టి నీటిని జల్లెడ పట్టడం, శుభ్రం చేయడం రెండూ ఆ రాయి పనే.

ఈ సంగతి తెలిశాక జనం బండల కోసం సముద్రాల మీద పడ్డారు. ఫ్లోరిడాలో బండలు తవ్వడం ఎంత పెరిగిందంటే 1990ల్లో అక్కడ నిషేధాలు వచ్చి, నేల మీది రాయిని సముద్రంలో దింపి జీవం పట్టాక తీసుకునే సాగు మొదలైంది. మన దేశంలో 2001 జూలైలో రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. ఆ కట్టడి న్యాయమైనదే. వేల ఏళ్లకు కట్టుకున్న దిబ్బను ఒకరి ముందుగది కోసం గునపంతో పెకలించనక్కర్లేదు. తొట్టి ముచ్చట ఉన్నవాడికి పోతరాయి దొరికింది.

దాన్ని ఊరూరా చేర్చింది సముద్రమే లేని అమెరికా రాష్ట్రం ఇడాహో. అక్కడి బోయిసీ పట్టణంలో లీరాయ్ హెడ్లీ నడిపిన జియోథర్మల్ ఆక్వాకల్చర్ రీసెర్చ్ ఫౌండేషన్ 1990ల్లో అరగోక్రీట్ పాళ్లను అందరికీ చెప్పింది. పోర్ట్‌లాండ్ సిమెంటు ఒక పాలు, అరగొనైట్ అనే సున్నపు ఖనిజపు ఇసుక గానీ గుల్లల నూక గానీ మూడు నాలుగు పాళ్లు. నీళ్లు తక్కువ, ముద్ద గట్టిగా.

గంజాంలో ఈ పాళ్లు కుదుర్చుకునే మనిషి ముందుగా తెలుసుకోవలసింది, కాళ్ల కింది ఇసుక పనికిరాదని. ఛత్రపురం దగ్గర ఇండియన్ రేర్ ఎర్త్స్ (ఇప్పటి ఐఆర్‌ఈఎల్) సంస్థ తవ్వేది ఈ తీరపు ఇసుకనే. అందులో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ ఉంటాయి. ఒక బలమైన అయస్కాంతాన్ని ఇసుకలో ఈడ్చి చూడండి, నల్లటి రేణువులు మీసాల్లా అంటుకుని లేస్తాయి. తొట్టి అద్దం తుడిచే అయస్కాంతపు బిళ్లకు ఈ ఇసుక రేణువులు పట్టుకుంటే అద్దం మీద గీతలు పడతాయి, ఎందుకంటే గార్నెట్ గాజుకన్నా గట్టిది. చిక్కు అద్దంతోనే పోదు. ఈ ఇసుకలో సున్నపు పాలు తక్కువ. కావలసింది గుల్ల. చిలికాలోనూ, ఇవతల కాకినాడ అఖాతంలోనూ గుల్లలేరి బట్టీల్లో కాల్చి గుల్ల సున్నం చేయడం పాత వృత్తి. ఆ గుల్లను కాల్చకుండా, కడిగి ఎండబెట్టి నూకలా దంచితే అరగొనైట్ ఇసుక బదులు సరిపోతుంది.

ఉప్పుకూ దూరం పోనక్కర్లేదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పేరు వినిపించిన హుమ్మా ఈ జిల్లాలోనిదే. అక్కడి ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే గరుకు రాళ్లుప్పును ముద్దలో కలిపి, ఉప్పు పరిచిన బేసిన్లోనే పోత పోస్తారు. బండ గట్టిపడ్డాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి, ఒక్కో ఉప్పుకల్లు ఉన్న చోట ఒక్కో బొరియ మిగులుతుంది. గుహలు, వంతెనలు కావాలంటే పీవీసీ గొట్టాల ముక్కలు ముద్దలో గుచ్చి, ఆరేలోపు లాగేస్తారు.

చాలామంది చెడగొట్టుకునేది దీని తర్వాతే. కొత్త సిమెంటులో సున్నం ఇంకా ఘాటుగా ఉంటుంది. నానబెట్టిన నీటి పీహెచ్ 12 దాటుతుంది. పగడాలకు కావలసింది 8.1 నుంచి 8.4. తొందరపడి తొట్టిలో పెడితే చేపలు చచ్చిపోతాయి. మంచినీళ్లలో వేసి, నీళ్లు మారుస్తూ ఒకటి రెండు నెలలు ఆగాలి. తొలి రోజుల్లో నీటి మీద పల్చటి తెల్లని పొర కడుతుంది. సున్నపుతేట పట్టిన ఇంటివాళ్లకు ఆ మీగడ తెలిసినదే: సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయి అవుతోంది. గుల్ల సున్నం గోడమీద గట్టిపడేదీ ఇలాగే. నీళ్లు మార్చినా పీహెచ్ 8.5 దగ్గరే నిలిచాక రాయి సిద్ధం.

అప్పటికీ అది ఖాళీ ఇల్లే. ఉప్పునీళ్లలో దింపి, పాత తొట్టిలోని చిన్న రాతిముక్క ఒకటి పక్కన పెడితే బాక్టీరియా పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ముందు గోధుమరంగు పాచి వస్తుంది, దాని వెనక పచ్చది. గులాబి, ఊదా రంగుల సున్నపు నాచు చుక్కలు కనబడేసరికి నెలలు గడుస్తాయి. చుక్కలు కలిసి పొరయ్యాక సిమెంటు రంగు కనబడదు. ఉప్పుకళ్లు కరిగిన బొరియల్లోంచి రాత్రిపూట ఆవగింజంత రొయ్యపురుగులు తొంగిచూస్తాయి.