మూడో వారంలో మూడు పొరలు: మానవ పిండానికి పునాది పడే వేళ

గర్భస్థ శిశువు శరీరంలోని అవయవాలన్నింటికీ మూలమైన మూడు కణపొరలు ఫలదీకరణం తరువాత మూడో వారంలో రూపుదిద్దుకుంటాయి. పిండశాస్త్రంలో వీటిని జనన స్తరాలు అంటారు. అప్పటికి నెలసరి తప్పి ఒకటి రెండు రోజులే అయి ఉంటుంది. తాము గర్భవతులమన్న సంగతే చాలామంది స్త్రీలకు ఇంకా తెలియదు. కొన్ని తీవ్రమైన పుట్టుక లోపాలకు బీజం పడేదీ, వాటిని నివారించగలిగేదీ ఈ రోజుల్లోనే కావడం వల్ల ఈ ఘట్టానికి వైద్యంలో విశేష ప్రాధాన్యం ఉంది.

వారాల లెక్కలో తరచుగా ఒక తికమక ఎదురవుతుంది. వైద్యులు గర్భధారణ కాలాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఫలదీకరణం సాధారణంగా ఆ తరువాత రెండు వారాలకు జరుగుతుంది. అంటే ఆసుపత్రి చీటీలో ఆరు వారాలని రాసి ఉంటే పిండం వయసు నాలుగు వారాలే. ఇక్కడ పేర్కొన్న రోజులన్నీ ఫలదీకరణం నుంచి లెక్కించినవి.

అండం, శుక్రకణం బీజవాహికలో కలిసి ఏర్పడిన ఒకే ఒక్క కణం సుమారు ఒక రోజు గడిచాక రెండవుతుంది. మూడో రోజుకు ఎనిమిది కణాల వరకు తయారవుతాయి. కణాల సంఖ్య పెరుగుతున్నా మొత్తం పరిమాణం మాత్రం పెరగదు. ఉన్న పదార్థమే చిన్న చిన్న కణాలుగా విడిపోతూ ఉంటుంది. అయిదో రోజుకు అది ద్రవం నిండిన బంతిలా మారుతుంది. దీని పేరు బ్లాస్టోసిస్ట్. బంతి గోడలోని కణాలు మాయ ఏర్పడడానికి తోడ్పడతాయి. లోపల ఒక పక్కన గుమిగూడిన కొద్దిపాటి కణాల నుంచే శిశువు రూపొందుతుంది. ఆరు, ఏడు రోజులకు ఈ బంతి గర్భాశయపు గోడకు అతుక్కోవడం మొదలుపెడుతుంది. రెండో వారం ముగిసేసరికి లోపలి కణాలు రెండు పొరల పలుచని బిళ్లగా పరుచుకుంటాయి.

అసలు ఘట్టం ఆ తరువాతిది. సుమారు 15వ రోజున బిళ్ల పై పొర మీద ఒక చివరి నుంచి సన్నని గీత మొదలవుతుంది. అదే ఆదిరేఖ. తల ఏ వైపో, కుడి ఎడమలు ఏవో ఈ గీతను బట్టి స్పష్టమవుతాయి. పై పొర కణాలు గీత వద్దకు చేరి, పొరుగు కణాలతో పట్టు సడలించుకుని, గాడిలోంచి లోపలికి దిగుతాయి. ముందుగా దిగినవి కింది పొర కణాలను చాలావరకు పక్కకు నెట్టి అంతస్త్వచంగా స్థిరపడతాయి. వాటి వెనుక వచ్చినవి నడుమ పరుచుకుని మధ్యస్త్వచం అవుతాయి. దిగకుండా పైనే మిగిలినవి బహిస్త్వచం. ఈ ప్రక్రియను గాస్ట్రులేషన్ అంటారు. మూడు పొరలూ ఒకే పై పొర సంతానమన్నది గమనించదగ్గ విషయం.

చర్మపు పైపొర, వెంట్రుకలు, గోళ్లు, పంటిపై ఎనామిల్ బహిస్త్వచం నుంచి వస్తాయి. మెదడు, వెన్నుపాము కూడా దాని నుంచే రావడం మొదటిసారి వినేవారికి ఆశ్చర్యంగా తోస్తుంది. గుండె, రక్తం, ఎముకలు, కండరాలు, మూత్రపిండాలు ప్రధానంగా మధ్యస్త్వచం నుంచి పుడతాయి. పేగుల లోపలి పొర, ఊపిరితిత్తుల లోపలి పొర, కాలేయం, క్లోమం అంతస్త్వచానివి. అయితే ఒక అవయవానికి ఒకే పొర అన్న నియమం లేదు. మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథినే తీసుకుంటే, దాని బయటి భాగం మధ్యస్త్వచానిది, లోపలి భాగం బహిస్త్వచం నుంచి వలస వచ్చిన కణాలది. బిళ్ల రెండు చివరలా ఒక్కొక్క చోట మాత్రం మధ్యస్త్వచం చొరబడదు. మిగిలిన రెండు పొరలూ అక్కడ ఒకదానికొకటి అంటుకుని ఉండి, తరువాత తెరుచుకుంటాయి. నోరు, మలద్వారం ఏర్పడేది ఆ చోట్లలోనే.

ఈ పొరలను తొలిసారి వర్ణించినది మనిషిలో కాదు, కోడి పిండంలో. క్రిస్టియన్ పాండర్ 1817లో ఆ పరిశీలనలను ప్రకటించారు. కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ 1828లో వాటిని ఇతర వెన్నెముక జీవులకు విస్తరించారు. మూడో వారపు మానవ పిండం పరిశోధకులకు దొరకడం నేటికీ చాలా అరుదు. ప్రయోగశాలలో పెంచుదామన్నా చాలా దేశాల్లో 14 రోజుల హద్దు ఉంది. బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ 1984లో దీనిని సిఫారసు చేసింది. ఆదిరేఖ కనిపించాక పిండం మామూలుగా రెండుగా విడిపోయి కవలలు కాదు. ఒక ప్రత్యేక వ్యక్తి పిండంగా దానిని గుర్తించదగిన తొలి గుర్తు ఆ గీతేనన్నది కమిటీ వాదనలో ముఖ్యాంశం. భారతదేశంలో మూలకణ పరిశోధనకు 2017లో వెలువడిన జాతీయ మార్గదర్శకాలు కూడా 14 రోజులు లేదా ఆదిరేఖ, ఏది ముందైతే దానినే హద్దుగా నిర్ణయించాయి.

పొరలు ఏర్పడిన వెంటనే బహిస్త్వచం నడిమి భాగం మందమై, అంచులు పైకి లేచి, దొన్నెలా వంగి, చివరికి గొట్టంగా మూసుకుంటుంది. మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన ఈ నాడీ నాళం తల వైపు సుమారు 25వ రోజున, తోక వైపు 28వ రోజుకు పూర్తిగా మూసుకోవాలి. తల వైపు మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. అటువంటి శిశువు బతకడం అసాధ్యం. కింది భాగం మూసుకోకపోతే స్పైనా బైఫిడా అనే వెన్ను లోపం మిగులుతుంది. కాళ్ల బలహీనత, మలమూత్రాలపై అదుపు లేకపోవడం వంటి ఇబ్బందులు జీవితాంతం వెంటాడవచ్చు.

ఫోలిక్ ఆమ్లం ఈ లోపాలలో చాలావాటిని నివారించగలదని 1991లో ప్రచురితమైన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం నిరూపించింది. అంతకుముందు ఇటువంటి గర్భం వచ్చిన స్త్రీలలో లోపం మళ్లీ తలెత్తే ముప్పు ఈ విటమిన్‌తో 72 శాతం తగ్గింది. ఈ విటమిన్ చరిత్ర భారతదేశంతో ముడిపడి ఉంది. బొంబాయి బట్టల మిల్లుల కార్మిక స్త్రీలలో గర్భకాలపు రక్తహీనతను లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1928 నుంచి పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని కనుగొన్నారు. అందులోని పదార్థం ఫోలేట్ అని తరువాత తేలింది. దానిని 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

గర్భనిర్ధారణ తరువాత మొదలుపెట్టిన మాత్ర నాడీ నాళం విషయంలో తరచుగా ఆలస్యమైనట్టే. అందుకే గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే 12వ గర్భధారణ వారం వరకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. గతంలో నాడీ నాళ లోపం ఉన్న గర్భం వచ్చినవారికి ఈ మోతాదు చాలదు. వైద్యులు ఇంకా ఎక్కువ మోతాదు సూచిస్తారు. 1991 అధ్యయనంలో అటువంటివారికి ఇచ్చినది రోజుకు 4 మిల్లీగ్రాములు.