దగ్గు ఎందుకొస్తుంది? పాలమూరు నుంచి చూస్తే తెలిసే చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ప్రశ్న చాలా చిన్నది. మనకు దగ్గు ఎందుకొస్తుంది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చూస్తున్నవాళ్లకు మాత్రం ఇది అంత చిన్న ప్రశ్న కాదు. ఎందుకో చెప్తాను.

ముందు ఒక మాట. దగ్గు రోగం కాదు, ఒంటికి కాపలా. శ్వాసనాళంలోకి దుమ్మో పొగో పోయిందనుకోండి, లేదా లోపల కళ్లె చేరిందనుకోండి. అక్కడి నరాలు మెదడుకు కబురు పెడతాయి. గాలి లోపలికి పీలుస్తాం, గొంతు దగ్గర దారి మూసుకుంటుంది, పొట్ట, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి. తర్వాత ఒక్కసారిగా దారి తెరుచుకుంటుంది, గాలి దూసుకొచ్చి లోపల ఉన్నదాన్ని బయటికి నెట్టేస్తుంది. జలుబు, ఆస్తమా, బీడీ, కట్టెల పొయ్యి పొగ, కడుపులో ఆమ్లం పైకి రావడం, కొన్ని రకాల బీపీ మాత్రలు, ఇవన్నీ దగ్గుకు కారణాలే.

మరి వారాలు గడిచినా దగ్గు తగ్గకపోతే?

మన పాత వైద్యులు ఈ తేడా గమనించారు. ఆయుర్వేదంలో దగ్గును 'కాస' అంటారు, అది ఐదు రకాలు. అందులో ఒకటి క్షయజ కాస, అంటే మనిషి క్షీణించిపోతూ దగ్గే దగ్గు. క్షయకు అసలు కారణం 1882 మార్చి 24న బయటపడింది. ఆ రోజు బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ టీబీకి ఒక సూక్ష్మజీవి కారణమని ప్రకటించాడు. అంటే అది శాపమూ కాదు, పాపమూ కాదు.

కారణం తెలిసింది గానీ మందు దొరకలేదు. కమలా నెహ్రూను స్విట్జర్లాండ్ దాకా తీసుకెళ్లినా 1936లో టీబీతోనే చనిపోయారు. అప్పటి వైద్యం అంటే గాలి, విశ్రాంతి, మంచి తిండి. అందుకే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి లాంటి చోట్ల శానిటోరియంలు వెలిశాయి. అక్కడ నెలల తరబడి మంచంమీదే ఉండాలి.

ఇప్పుడు మన పాలమూరు సంగతి ఆలోచించండి. దేశమంతా డ్యాములకూ కాలువలకూ మట్టి మోసినవాళ్లు 'పాలమూరు లేబర్'. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్న మనిషి ఏడాదిపాటు కొండమీద పడుకోగలడా? కుదరదు కదా.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నారు, తర్వాత ఇంకొన్ని మందులొచ్చాయి. 1956లో మద్రాసులో ఒక ముఖ్యమైన పరిశోధన మొదలైంది. టీబీ ఉన్న పేదవాళ్లలో కొందరిని శానిటోరియంలో పెట్టారు, మిగతావాళ్లకు తమ ఇరుకిళ్లల్లోనే ఉంచి మందులిచ్చారు. ఇద్దరికీ ఏడాదిపాటు అవే మందులు. 1959లో ఫలితాలొచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు అంటుకునే ముప్పు కూడా ఎక్కువ కాలేదు. అంటే నయం చేసింది కొండగాలి కాదు, వదలకుండా వేసుకున్న మందు. ప్రపంచమంతా టీబీ వైద్యం దీంతోనే మారింది.

కానీ ఇంట్లో వైద్యం అంటే మనిషి ఇంటిపట్టున ఉండాలి. వలసకూలీ ఇల్లు ఈ నెల ఒక చోట, వచ్చే నెల ఇంకో చోట. మామూలు టీబీకి ఇప్పుడు ఆరు నెలలు మందులు వాడితే చాలు. రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తే ఆ క్రిములు మందులకు లొంగని మొండివి అవుతాయి.

ఇంకొకటి కూడా ఉంది. రాళ్లు కొట్టే చోట, క్రషర్ల దగ్గర లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. పాడైన ఊపిరితిత్తిని మళ్లీ బాగుచేసే మందు లేదు. పైగా టీబీ వచ్చే అవకాశం పెరుగుతుంది. చాలాసార్లు సిలికోసిస్‌నే టీబీ అనుకుంటారు. అందుకే డాక్టరుకు మీ ఊరితో పాటు మీ పని కూడా చెప్పండి.

చివరగా, రెండు వారాలు దాటిన దగ్గుంటే సర్కారు దవాఖానకు వెళ్లండి. కళ్లె పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. పోషణకని నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. వలస పోయేముందు అక్కడ చెప్తే, మీరు వెళ్లే ఊరికి మీ కేసు బదిలీ చేస్తారు. పుణెలోనో ముంబైలోనో పనిచేస్తున్న మీ అన్నకో నాన్నకో ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి: "దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉంది?"