తిరుపతి–విజయవాడ విమానం: దూరం ఎంత, టైమ్ ఎంత, సంగం వాళ్లకు పనికొస్తుందా?

తిరుపతి (రేణిగుంట) విమానాశ్రయం నుంచి విజయవాడ (గన్నవరం) విమానాశ్రయానికి ఆకాశంలో తిన్నగా కొలిస్తే దాదాపు 350 కిలోమీటర్లు. విమానాల లెక్కలో 190 నాటికల్ మైళ్లకు కాస్త తక్కువ. ఇలాంటి దగ్గరి రూట్లలో తిరిగే ఏటీఆర్-72 విమానం వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఆ లెక్కన 42 నిమిషాల్లో చేరాలి. కానీ టికెట్ మీద గంట, గంటంబావు అని ఉంటుంది. రన్‌వే దాకా నెమ్మదిగా కదలడం, పైకి ఎక్కడం, దిగే ముందు వేగం తగ్గించడం, అన్నీ కలిపే ఆ టైమ్ రాస్తారు.

నెల్లూరు జిల్లాలో విమానం ఎక్కే చోటు లేదు. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్లుగా వింటున్నదే. సంగం నుంచి రేణిగుంటకు నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రోడ్డున సుమారు 150 కిలోమీటర్లు, మూడు గంటలు. రెండు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. పైన గంట ప్రయాణం. అంటే గన్నవరంలో దిగేసరికి ఆరు గంటలు దాటుతుంది. నేరుగా కారులో పోయినా అంతే పడుతుంది, నెల్లూరులో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే ఇంకా ముందే చేరొచ్చు. 2023లో విజయవాడ నుంచి హజ్ విమానాలు నడిచినప్పుడు కూడా మన వైపు వాళ్లకు రైలో, కారో తప్ప ఈ విమానంతో కలిసొచ్చేది ఏమీ లేదు.

తిరుపతి–హైదరాబాద్ సంగతి వేరు. ఆకాశంలో సుమారు 420 కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు అటూ ఇటూ. ఉమ్రాకు ఒకే టికెట్ మీద హైదరాబాద్ మీదుగా పోయేవాళ్ల లగేజీ చాలాసార్లు రేణిగుంటలోనే తీసుకుని నేరుగా జిద్దాకు పంపేస్తారు. మక్కాకు పోయేవాళ్లు మీఖాత్ దాటకముందే ఇహ్రాంలో ఉండాలి కాబట్టి ఆ బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. పెద్దవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

ఈ లెక్క అన్నిటికన్నా ముఖ్యమయ్యేది ఇంట్లో ఇంతిఖాల్ అయినప్పుడు. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు ఏ టికెట్ తీసుకోవాలి? ఉదయం 6కు చెన్నైలో దిగాడనుకుందాం. ఇమిగ్రేషన్, లగేజీ అయ్యి ఏడున్నరకు బయటపడితే సంగం దాదాపు 200 కిలోమీటర్లు, పదకొండున్నర, పన్నెండుకు ఇంట్లో ఉంటాడు. జొహర్ తర్వాత జనాజా పెట్టుకోవచ్చు. అదే 6కు హైదరాబాద్‌లో దిగి, 10 గంటలకు తిరుపతి విమానం దొరికినా, సంగం చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఆ విమానం దొరక్కపోతే రోడ్డున దాదాపు 450 కిలోమీటర్లు, అసర్ దాటొచ్చు. విమానాల టైమ్‌లు సీజన్‌కు మారిపోతుంటాయి. అందుకే టికెట్ కన్ఫర్మ్ అయిందని ఫోన్ వచ్చాకే మసీదులో జనాజా టైమ్ చెప్పించడం మేలు.