ఉపగ్రహాన్ని పగలగొట్టి ముక్కలు లెక్కపెట్టారు

భూమికి దగ్గరి కక్ష్యల్లో రెండు వస్తువులు ఢీకొంటే ఆ తాకిడి వేగం సగటున సెకనుకు 10 కిలోమీటర్లు. రైఫిల్ తూటా వేగం ఇందులో సుమారు పదో వంతే. రాడార్లు క్రమం తప్పకుండా వెంటాడగలిగేది సుమారు 10 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న శకలాలని. అంతకన్నా చిన్నవి ఎన్ని పుడతాయో, ఏ ఆకారంలో ఉంటాయో తెలియాలంటే నేలమీద ఓ ఉపగ్రహాన్ని బద్దలుకొట్టి చూడటం ఒక మార్గం.

1992లో అమెరికాలో ఆ పని చేశారు. 1960లనాటి ట్రాన్సిట్ ఉపగ్రహాన్ని 150 గ్రాముల అల్యూమినియం గుండుతో కొట్టారు. నాసా వాడే విచ్ఛిన్న నమూనాకి ఆ ఫలితాలు ముఖ్యమైన ఆధారం. 2007లో చైనా తన ఫెంగ్యున్-1సి ఉపగ్రహాన్ని పేల్చేసింది. 2009లో ఇరిడియం 33, కాస్మోస్ 2251 గుద్దుకున్నాయి. పాతకాలపు కాస్మోస్ ముక్కలు నమూనాతో బాగానే సరిపోయాయి. మిగతా రెండింటివి అంతగా సరిపోలేదు. కొత్త ఉపగ్రహాల్లో తేలికైన పదార్థాలు ఎక్కువ. పాత డేటాతో టెస్ట్ చేసిన ప్రోగ్రాం కొత్త ఇన్‌పుట్ దగ్గర తడబడటం మనలో చాలామందికి అలవాటైన సంగతే కదా!

అందుకే ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 56 కిలోల డెబ్రిశాట్ తయారుచేశారు. కార్బన్ ఫైబర్, పొరలు పొరలుగా ఉండే ఉష్ణకవచం, సోలార్ పలకలు అన్నీ పెట్టారు, ఎగరడానికి కాదు, పగలడానికి! 2014 ఏప్రిల్ 15న టెనెసీలోని ఆర్నాల్డ్ కేంద్రంలో 570 గ్రాముల డొల్ల స్తూపం సెకనుకు 6.8 కిలోమీటర్ల వేగంతో దాన్ని తాకింది. లెక్కగడితే అది మూడు కిలోల టీఎన్‌టీ శక్తి.

మామూలు తుపాకీకి అంత వేగం రాదు. మందుగుండు వాయువులు బరువైనవి, అంత వేగంగా వ్యాకోచించలేవు. అందుకని మందుగుండుతో ఒక పిస్టన్‌ని తోస్తారు, అది హైడ్రోజన్‌ని నొక్కుతుంది. పీడనం హద్దు దాటగానే మధ్యలోని పలుచటి బిళ్ళ పగిలి, తేలికైన హైడ్రోజన్ గుండుని తరుముతుంది. దీన్నే రెండంచెల లైట్ గ్యాస్ గన్ అంటారు.

గది గోడలకి మెత్తటి ఫోమ్ పలకలు అమర్చారు. అందులో దిగబడ్డ ముక్కల్ని ఎక్స్‌రేలతో వెతికి, ఒక్కొక్కటే బయటకు తీసి, తూచి, కొలిచారు. రెండు మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవి 85,000 ఉంటాయని ముందు అంచనా. రెండు లక్షలు దాటాయి! కన్నుమూసి తెరిచేలోపు ముగిసిన తాకిడికి ఏళ్ళ తరబడి లెక్కలన్నమాట.

నా దృష్టిలో సంఖ్య కన్నా ముఖ్యమైనది ఆకారం. దొరికినవాటిలో చాలా భాగం సూదుల్లా, చీలికల్లా ఉన్న కార్బన్ ఫైబర్ ముక్కలు. వ్యోమనౌకల కవచాలు ఎంత దెబ్బకి ఆగుతాయో చెప్పే సమీకరణాలేమో ఎక్కువగా గుండ్రటి గోళీలతో చేసిన పరీక్షల నుంచి వచ్చాయి. అదే బరువున్న సూది మొనతో తగిలితే గోళీ ఆగిన చోట కూడా దూసుకుపోవచ్చు. అందుకని కార్బన్ ఫైబర్ కడ్డీలని పేల్చి కూడా నాసా కవచాల్ని పరీక్షించింది.