కవిలెకట్ట నుంచి కంప్యూటరు దాకా

చరిత్ర అనగానే మనకి రాజులూ, యుద్ధాలూ, పట్టాభిషేకాలూ గుర్తుకొస్తాయి. బళ్ళో అలాగే చెప్పారు మరి. కాని మన కోస్తా జిల్లాల శాసనాలు నాలుగు తిరగేసి చూడండి. యుద్ధాలకంటే పద్దులే ఎక్కువ కనిపిస్తాయి. ఫలానా ఆవిడ ఫలానా గుడిలో అఖండదీపం కోసం ఇన్ని గొర్రెలిచ్చింది, వాటిని ఫలానా కాపరి తీసుకున్నాడు, అందుకు బదులు అతనూ, అతని కొడుకులూ, మనుమలూ రోజుకొక మానెడు నెయ్యి పొయ్యాలి. ఇదీ వరస. అసలెంత, దానిమీద రాబడెంత, పూచీ ఎవరిది, గడువెంత, అన్నీ వుంటాయి. గడువు మాత్రం సూర్యచంద్రులున్నంత కాలం! ఇంత పకడ్బందీ కాగితం ఇప్పటి బ్యాంకులవాళ్ళు కూడా రాయించుకోలేరు.

గుంటూరులో పొన్నూరు బస్సెక్కి కూచుంటే దారిలో చేబ్రోలు వస్తుంది. చతుర్ముఖ బ్రహ్మ గుడి వున్న వూరంటే చాలామందికి తెలుస్తుంది. కోనేటి నడుమ వుండే ఆ గుడి అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించింది. దానికి ఎన్నో వందల ఏళ్ళ ముందటి రాత కూడా ఆ వూళ్ళో వుంది. భీమేశ్వరాలయం దగ్గర దొరికిన ఒక శాసనాన్ని పురావస్తు శాఖవారు చదివి 2019లో బయటపెట్టారు. శాతవాహన రాజు విజయుడి ఏలుబడిలో అయిదో సంవత్సరం, అంటే క్రీస్తుశకం 207 నాటిది. దక్షిణదేశంలో కాలం తేలిన సంస్కృత శాసనాల్లో ఇంతకంటే పాతది అప్పటిదాకా దొరకలేదన్నారు. పండితులకు ఆ భాషా, అందులోని శక్తిమాతృకల ప్రస్తావనా ముఖ్యం. నాకు మాత్రం అందులో రాసిన సంగతే ముచ్చటగా తోచింది. తాంబ్రాపె అనే చోట, అంటే చేబ్రోలులోనే, భగవతి గుడి దగ్గర కార్తికుడనే ఆయన ప్రాసాదం, మండపం కట్టించి, గుడికి దక్షిణం వైపున విగ్రహాలు నిలబెట్టించాడు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎందుకు... అచ్చం పద్దు రాసినట్టే వుంది కదూ! రాయించినవాడు లేడు, ఆ రాజూ లేడు, పద్దు మిగిలింది.

అదే వూళ్ళో 1213లో జాయప సేనాని మరో శాసనం వేయించాడు. కాకతి గణపతిదేవుడి బావమరిది, ఏనుగుల సేనకు అధిపతి, పైగా ‘నృత్తరత్నావళి’ రాసిన మహానుభావుడు. తండ్రి పేర కట్టించిన చోడేశ్వరాలయం సంగతి రాతికెక్కించాడు. ఇక ఆ గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం వర్తకులకు పెద్ద వూరట. అంతకు ముందు ఓడ గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడితే సరుకంతా రాజుదే. ఆయన ఆ పద్ధతి మానిపించి, వచ్చే సరుకుమీదా పోయే సరుకుమీదా ముప్ఫయ్యోవంతు సుంకం చాలన్నాడు. కర్పూరం, చందనం, పన్నీరు, ముత్యాలు, పట్టు, మిరియాలు ఇవన్నీ పేరుపేరునా రాయించాడు. మన జి.ఎస్.టి. పట్టికకి అది ముత్తవ్వ అనుకోవచ్చు. సుంకమెంతో ముందే తెలిస్తే వర్తకుడు ధైర్యంగా లెక్క వేసుకుంటాడు.

రాతి పద్దులో రెండు సుగుణాలున్నాయి. గుడికి వచ్చిన చదువరులెవరైనా చదువుకోవచ్చు, రాత్రికి రాత్రి దిద్దటం కుదరదు. కాని రోజువారీ లెక్కలు రాతిమీద చెక్కిస్తామా? వాటికి తాటాకులొచ్చాయి. ఆ ఆకుల కట్టే కవిలె. వూరి భూములూ, పన్నులూ, హక్కులూ రాసే కరణాల దగ్గర దండకవిలెలుండేవి. రెండు వందల ఏళ్ళ క్రితం కర్నల్ మెకంజీ తన మనుషుల్ని వూరూరా పంపి కైఫియతులు సేకరించినప్పుడు ఈ కవిలెలే చాలాచోట్ల ఆధారమయ్యాయి. అంటే ఎవరో కరణంగారు శిస్తు కోసం రాసుకున్న లెక్క మన వూళ్ళకి చరిత్ర అయి కూచుందన్నమాట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. కవిలె పద్దతిలో ఒక చిక్కుంది. కరణాల గొలుసుకట్టు రాత అందరికీ కొరుకుడు పడదు. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని రైలుబండిలా పోతాయి. భూమి రైతుది, చెమట రైతుది, లెక్క మాత్రం కరణంగారి చేతిలో. ఆ లెక్కలో తన పొలం ఎలా వుందో తెలుసుకోవాలంటే ఆయన గుమ్మంలో నిలబడాలి. 1984లో రామారావుగారి ప్రభుత్వం ఆ ఉద్యోగాలు రద్దు చేసినప్పుడు వూళ్ళల్లో పండగ చేసుకున్నవాళ్ళూ వున్నారు, “మా లెక్క ఇక ఎవరు చెబుతారు?” అని దిగులుపడ్డవాళ్ళూ వున్నారు.

ఇప్పుడీ కరణాల గోల ఎందుకంటారా? మా మేనత్త కూతురు, చేబ్రోలులో వుంటుంది, నాకు వదిన వరస. నాలుగేళ్ళుగా మంగళగిరి నేత చీరలు ఇంటర్నెట్టులో అమ్ముతోంది. ఇల్లే దుకాణం, మంచమే గల్లాపెట్టె. శ్రావణమాసం ముందు నేతవారికి బయానా ఇవ్వాలని బ్యాంకుకి అప్పుకెళితే రెండేళ్ళ లెక్కలు తెమ్మన్నారు. లెక్కలున్నాయి, కాని అవి రాసిపెట్టేవారి కంప్యూటరులో వున్నాయి. వారు ఇవాళ రేపని తిప్పి, చివరికిచ్చిన కాగితం చూస్తే ఆవిడకి తలా తోకా తెలియలేదు. ఆవిడ చీరలు, ఆవిడ కష్టం, లెక్క మాత్రం ఇంకొకరి గొలుసుకట్టులో!

“ఇక నేనే రాసుకుంటాను, ఏ సాఫ్ట్‌వేరు కొనను?” అని నన్నడిగింది.

“బి.ఏ. చదివినదాన్ని, నన్నడుగుతావేం?” అన్నాను.

“చరిత్ర చదివావుగా, పాత లెక్కలు నీకే తెలియాలి” అంది.

నిజానికి చరిత్ర ఇక్కడ అక్కరకొచ్చింది. 1494లో వెనిస్ నగరంలో లూకా పాచియోలీ అనే సన్యాసి ఒక గణిత గ్రంథం అచ్చువేయించాడు. లియొనార్డో డావిన్సీకి స్నేహితుడాయన. అందులో అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్న జంటపద్దు పద్ధతి వివరించాడు. ప్రతి పద్దుకీ రెండు కొసలుంటాయి, ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో పుచ్చుకున్నదానికి సరిపోవాలి. మన షావుకార్ల చిట్టా, ఆవర్జా, చివర సరిచూసుకునే అంకణా అన్నీ ఈ దారిలోవే. ఏ సాఫ్ట్‌వేరు తీసుకున్నా లోపల వుండేది ఇదే. పైన రంగులు వేరు, అంతే.

మనదేశంలో ఆ రంగుల కథ 1986లో మొదలైంది. బెంగుళూరులో శ్యాంసుందర్ గోయెంకా అనే వ్యాపారికి తన లెక్కలకి పనికొచ్చే ప్రోగ్రాము ఎక్కడా దొరకలేదు. లెక్కల డిగ్రీ చదివిన కొడుకు భరత్‌ని రాయమన్నాడు. అదే తరవాత టాలీ అయింది. అప్పట్లో ప్రోగ్రాముల్లో ప్రతి ఖాతాకీ ఒక అంకె కోడు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. టాలీ ఆ గొడవ తీసేసి, పుస్తకంలో రాసుకున్నట్టు మామూలు పేర్లే రాసుకోనిచ్చింది. భరత్ గోయెంకాకి 2020లో పద్మశ్రీ వచ్చింది. 2011లో తమిళనాడు నుంచి జోహో బుక్స్ వచ్చింది. అది మన ఇంట్లో కాకుండా దూరాన ఎక్కడో వుండే యంత్రాల్లో లెక్క దాస్తుంది, ఫోనులోనూ చూసుకోవచ్చు. ఇక అరువులు రాసుకోవడానికి ఖాతాబుక్ లాంటి ఫోను పుస్తకాలున్నాయి, తెలుగులోనే రాసుకోవచ్చు. కూరగాయల కొట్టుకి అది బాగానే వుంటుంది, ఇంటర్నెట్టు దుకాణానికి చాలదు.

ఎందుకు చాలదో చెబుతాను, అసలు తంటా అంతా ఇక్కడే వుంది. వదిన ఒక చీర 1,500కి అమ్మింది అనుకోండి. అమ్మిపెట్టిన కంపెనీ తన కమీషనూ, రవాణా, వాటిమీద పన్నూ కలిపి 270 పట్టుకుని, వారం పదిరోజులకి 1,230 బ్యాంకులో వేస్తుంది. ఆవిడ పాత నోటుపుస్తకంలో 1,230 అమ్మకం అని రాసుకునేది. తప్పు! అమ్మకం 1,500, ఖర్చు 270. అప్పుడే ఆ కంపెనీ ఎంత మింగుతోందో కనిపిస్తుంది. పైగా ప్రభుత్వం చూసేదీ అమ్మిన ధరే. మన రాష్ట్రంలో వస్తువులమ్మేవారికి జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అక్కర్లేని హద్దు ఏడాదికి 40 లక్షలు, అది బ్యాంకులో పడ్డ డబ్బుని బట్టి కాదు. ఇలాంటి కంపెనీల ద్వారా అమ్మే చిన్నవాళ్ళందరికీ 2023 అక్టోబరు దాకా ఆ హద్దు కూడా లేకపోయింది. ఆ తరవాత రాష్ట్రం లోపల అమ్ముకునేవారికి సడలించారు. బయటి రాష్ట్రాలకి పంపితే లెక్క మళ్ళీ వేరు. చేనేతకీ, హస్తకళలకీ కొన్ని మినహాయింపులున్నాయి. ఆ ముడి మాత్రం ఆడిటరుగారిచేతే విప్పించుకోవాలి.

ఇక తిరిగొచ్చే చీరలు. పది పంపితే ఒకటో రెండో “రంగు నచ్చలేదు” అంటూ వెనక్కొస్తాయి. డబ్బు పోతుంది, సరుకు వస్తుంది, రవాణా ఖర్చు మిగులుతుంది. సరుకు లెక్కా డబ్బు లెక్కా ఒకేచోట లేని పుస్తకమైతే ఆ చీర ఇంట్లో వున్నట్టో లేనట్టో ఎవరికీ తెలియదు.

అందుకని వదిన చేత అమ్మేవాళ్ళని మూడు మాటలే అడిగించాను. ఈ లెక్క నేను చదవగలనా? నిన్నటి పద్దు ఎవరైనా దిద్దితే ఆ సంగతి తెలుస్తుందా? రేపు మీ సాఫ్ట్‌వేరు మానేస్తే నా పద్దులన్నీ నా చేతికొస్తాయా? రెండోదానికి ఈమధ్య చట్టం బలం కూడా వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలుగా రిజిస్టరైనవాళ్ళు, ఏ పద్దు ఎప్పుడు మార్చారో గుర్తుంచుకునే సాఫ్ట్‌వేరే వాడాలి. ఇంటి దుకాణాలకి ఆ నిబంధన లేదు. అయినా రాతిమీద చెక్కినట్టుండే ఆ సదుపాయం వుంటే వదులుకోవడం దేనికి? మూడో ప్రశ్నకి ఒకాయన “మానేయడం దేనికమ్మా?” అని నవ్వాడట. వదిన ఆయన్ని అక్కడితో వదిలేసింది.

చివరికి ఫోనులోనూ కనిపించేది ఒకటి తీసుకుంది. దాని పేరు చెప్పను, మీ దుకాణం వేరు, మీ లెక్క వేరు. నెలకి ఇరవై చీరలమ్మేవాళ్ళకైతే గీతలపుస్తకమే చాలునని నా అభిప్రాయం.

ఏప్రిల్ 1న లెక్కలు మొదలుపెట్టే అలవాటు 1867లో ఇంగ్లీషువాళ్ళు పెట్టిపోయింది. వ్యాపారి ముందుగా తనకున్నదంతా జాబితా రాసుకోవాలని పాచియోలీ చెప్పాడు గదా, అందుకని మార్చి 31 రాత్రి వదిన చీరలన్నీ మంచాలమీద పరిచి లెక్కపెట్టింది. నోటుపుస్తకం ప్రకారం 64 వుండాలి, 61 వున్నాయి. రెండు తిరుగుటపాలో దారిలో వున్నాయని తేలింది. మూడోది ఎంతకీ తేలలేదు. పదకొండింటికి నాకు ఫోను చేసింది.

“అది సంక్రాంతికి మా ఆడపడుచుకి పెట్టాను వదినా, ఇప్పుడు గుర్తొచ్చింది. ఏ ఖాతాలో రాయను?”

“సొంతవాడకాలు అని వుంటుంది చూడు, కొన్న ధరకి అందులో రాయి” అన్నాను.

“సొంతం ఎక్కడ? పెట్టింది ఆవిడకి గదా!” అంది. కాసేపు ఆగి, “పోనీలే, రాస్తాను. పక్కన ఆవిడ పేరు కూడా వేస్తాను, వచ్చే ఏడు ఏ రంగు పెట్టానో తెలియద్దూ?” అని ఫోను పెట్టేసింది.