బస్సుల యజమాని పెట్టిన టైర్ల కంపెనీ

జపాను పాలన పోయిన మరుసటి ఏడాది, 1946లో, దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు ఊళ్లో పార్క్ ఇన్-చొన్ అనే ఆయన రెండు పాత కార్లు కొని టాక్సీలుగా తిప్పడం మొదలుపెట్టాడు. అప్పటికే నలభై దాటినవాడు. రెండేళ్లకు బస్సులూ దించాడు. కుమ్హో టైర్ కంపెనీకి మూలం అక్కడుంది.

బస్సు నడిపేవాడికి టైరు ఎంత పెద్ద బెంగో నడిపినవాడికే తెలుస్తుంది. కంకర రోడ్లు, ఆపైన 1950 నుంచి మూడేళ్ల యుద్ధం. బండి ఉంటుంది, డ్రైవరు ఉంటాడు, ఎక్కే జనం ఉంటారు. మంచి టైరు దొరకక ట్రిప్పు ఆగిపోతుంది. ఆ బాధ పడలేకే పార్క్ 1960లో సమ్యాంగ్ టైర్ పేరుతో సొంతంగా తయారీకి దిగాడు. మొదట్లో రోజుకు ఇరవై టైర్లు!

ఆ ఇరవై చేయడమూ తేలిక కాదు. రబ్బరు చెట్లు కొరియాలో పెరగవు, సరుకు బయటినుంచి రావాలి. దాన్ని నల్లటి కార్బన్ పొడితో, గంధకంతో కలిపి ముద్ద చేయాలి. రబ్బరు పట్టించిన నూలు గుడ్డను డ్రమ్ము మీద పొరలు పొరలుగా చుట్టాలి. అంచుల్లో ఉక్కు తీగ బిగించాలి. ఇంతచేసినా అది ఇంకా పచ్చి టైరే. అచ్చులో పెట్టి, లోపలినుంచి ఆవిరితో ఉబ్బించి కాలిస్తే గాళ్లు పడి, జిగట రబ్బరు సాగి మళ్లీ ముడుచుకునే గుణం తెచ్చుకుంటుంది. పొరల మధ్య కాస్త గాలి చిక్కిందా, కొన్నాళ్లకు టైరు అక్కడే ఉబ్బి, నిండు లోడు మీద పేలుతుంది. బస్సుల యజమానికి ఆ భయం ఒకరు చెబితే తెలిసేది కాదు.

కొరియాలో టైర్లు అప్పటికి కొత్త కాదు. ఇప్పటి హాన్‌కుక్ టైర్ల కంపెనీ, 1941లో జపాను సంస్థ బ్రిడ్జ్‌స్టోన్ పెట్టిన చోసన్ టైర్‌కు వారసురాలు. అయితే గ్వాంగ్జు ఉన్న జొల్లా ప్రాంతం వరిపొలాల సీమ. అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ ప్రభుత్వం భారీ పరిశ్రమలను ఎక్కువగా తూర్పున గ్యొంగ్‌సాంగ్ వైపు నడిపించింది. అలాంటి చోట పెద్ద ఫ్యాక్టరీ నిలబడటాన్ని నేను మామూలు వ్యాపార విజయంగా చూడలేను. 1965లో థాయిలాండుకు ఎగుమతి, 1974లో గ్వాంగ్జులోనే పెద్ద ప్లాంటు, తర్వాత విమానాల టైర్లు. సమ్యాంగ్ పేరు కుమ్హోగా మారింది. అది పార్క్ ఇన్-చొన్ కలం పేరు. ఆయన 1984లో పోయాడు. చైనా, వియత్నాం, అమెరికాలోని జార్జియా ఫ్యాక్టరీలన్నీ ఆ తరువాతివే.

తర్వాత కంపెనీకి దెబ్బ తగిలింది, కానీ టైర్లవల్ల కాదు. 1988లో ఏషియానా విమానాలు పెట్టిన కుమ్హో గ్రూపు, 2006లో దేవూ నిర్మాణ సంస్థను, తర్వాత సరుకు రవాణా సంస్థ కొరియా ఎక్స్‌ప్రెస్‌ను కొని అప్పుల్లో కూరుకుపోయింది. ఆ బరువు టైర్ల కంపెనీ మీదా పడింది. 2010 నాటికి పగ్గాలు బ్యాంకుల చేతికి వెళ్లాయి. 2018లో చైనా టైర్ల సంస్థ డబుల్‌స్టార్ కుమ్హో టైర్‌లో 45 శాతం వాటా తీసుకుంది. కార్మిక సంఘం గట్టిగా ఎదిరించి, చివరికి ఒప్పుకుంది.

2025 మే 17న గ్వాంగ్జు ప్లాంటు అంటుకుంది. రబ్బరు మంట అంత సులువుగా ఆరేది కాదు, రోజుల తరబడి పొగ ఊరిని కమ్మేసింది. పక్కనే ఉన్న హంప్యోంగ్‌లో కొత్త ఫ్యాక్టరీ కడతామని కంపెనీ ప్రకటించింది. ప్లాంటును ఊరి బయటికి తరలించాలన్న మాట అంతకు ముందు నుంచీ నలుగుతున్నదే. ఎక్కడ కట్టినా తమ ఉద్యోగాలు పోకూడదన్నదే కార్మికుల పట్టు.