కిలోన్నర దగ్గర నిలిచిన విమానం

పొద్దున్న ఆరున్నరకే నరసరావుపేట ఎండ వరండాలోకి దిగింది. మేం కడుతున్న రిమోట్ విమానాన్ని రెండు స్టూళ్ల మీద పెట్టాం. రెక్క ఆ కొస నుంచి ఈ కొసకు 85 అంగుళాలు. పాలబ్బాయి దాని కిందుగా వంగి లోపలికొచ్చి క్యాను దించాడు. ఒళ్లంతా బాల్సా, ప్లై. ముక్కు మాత్రం ఇంకా బోడిగానే ఉంది.

ఇంజిన్ బిగించాల్సిన చెక్కకు పురికొసతో చేతిసంచి కట్టి, కిరాణా కొట్లో బతిమాలి తెచ్చిన తూకపు రాళ్లు వేస్తున్నాం. తమ్ముడు ఆ రెక్క కింద, నేను ఈ రెక్క కింద, బరువు సమంగా నిలవాల్సిన పెన్సిలు గీత మీద తలా ఒక వేలు. కిలో రాయికి తోక వాలింది. దానిమీద అర వేశాం. విమానం ఒక ఊపు ఊగి తక్కెడ ముల్లులా నిలిచింది. చిల్లర రాళ్లన్నీ కలిపి ఇంకో అర వేస్తే ముక్కు దబ్బున కిందికొచ్చింది.

"అన్నయ్యా, జంట సిలిండర్ పోయినట్టే."

పోయినట్టే. 60 సీసీ జంటకు వణుకు తక్కువ, నిజమే. కానీ సైలెన్సర్లు, ఇగ్నిషన్ కలిపి రెండు కిలోల దాకా లాగుతుంది. డీఎల్ఈ 55 ఒంటి సిలిండరైతే సైలెన్సరుతో కిలోన్నరకు అటూఇటూ. కంపెనీ లెక్క 5.5 హార్స్‌పవర్. పొగగొట్టం వెనక్కి ఉండే రకం కొంటే సైలెన్సర్ విమానం పొట్టలోకి దూరిపోతుంది. అయితే నాకు హార్స్‌పవర్ల మీద పెద్ద మోజు లేదు. విమానం ముక్కు పైకెత్తి ప్రొపెల్లర్ మీదే వేలాడుతున్నప్పుడు ఇంజిన్ ఒక్కసారి దగ్గిందా, ఆరు నెలల పని చేలో పడుతుంది.

పల్నాడు రోడ్డులో మందు కొట్టే తైవాన్ పంపులు బాగుచేసే బాబాయి కొట్టు. మిరప కోతలైపోయాయి, పంపులు గుట్టపడి ఉన్నాయి. కొనేముందు నడిపి చూద్దామని స్నేహితుడి పాత 55ను అక్కడి బల్లకు బోల్టులేసి బిగించాం. బాబాయి కార్బురేటర్ మూత స్క్రూలు నాలుగూ తీసి, రూపాయి బిళ్లంత నల్లటి పొరను గోటితో లేపాడు.

"ఇదే కదయ్యా మా పంపుల్లోనూ! ఫ్లోటుంటే తలకిందులవగానే పెట్రోలు ఆగిపోద్ది. దీనికి ఎటు తిప్పినా ఒకటే. బిరుసెక్కితే మాత్రం నీ విమానమైనా నా పంపైనా మూలకే."

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. వారాల తరబడి లోపలే వదిలేస్తే పొర పాడవుతుంది. కొత్త పొర వేశాడు. సిరంజితో 33 మిల్లీలీటర్ల ఆయిల్ లాగి లీటరు పెట్రోల్లో కలిపాను.

చోక్ మూసి, చేతికి తొడుగేసుకుని ప్రొపెల్లర్ తిప్పాను. నాలుగోసారికి టప్‌మంది. చోక్ తెరిచి ఇంకోసారి. అంటుకుంది! కొట్లో దుమ్మంతా లేచింది, పురుగుమందు కాగితాలు రోడ్డెక్కాయి. ముగ్గురం వెనక్కి జరిగాం. స్లో బాగుంది. రేజ్ చేయగానే గుక్కపట్టి ఆగిపోయింది.

బాబాయి స్లోలో పెట్రోలు సర్దే ఎల్ స్క్రూను వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. మళ్లీ స్టార్టు. స్లో, రేజ్. స్లో, రేజ్. తల వంచి వింటున్నాడు. ఈసారి దగ్గలేదు.

"ఇదే తీసుకో."

జేబులో ఫోను మోగింది. కిరాణా కొట్టాయన. "అబ్బాయ్, తిరిగిచ్చిన రాళ్లలో వంద గ్రాముల రాయి తక్కువొచ్చిందే?"

సంచి ఇంకా విమానం ముక్కుకే వేలాడుతోంది.